ఆటను ఏ తరాజులో తూచాలి?



బాసీ ఈద్ అంటే మీకు చెప్పక్కర్లేదు. పండగ మర్నాడు. మిగిలిన షీర్ ఖుర్మా మళ్లీ వేడి చేసుకుని తాగే రోజు, ఎవరూ ఎక్కడికీ కదలని రోజు. ఈసారి బాసీ ఈద్‌కి కర్నూలులో మా అమ్మీ ఇంట్లో తొమ్మిది మందిమి పోగయ్యాం. డల్లాస్‌లో నౌకరీ చేసే మా భాంజీ ఒక పెద్ద పెట్టె తెచ్చింది. స్ట్రాటజీ బోర్డ్ గేమ్ అంది. దాని పేరు ఇక్కడ రాయను. ఎందుకంటే కసూర్ ఆ ఆటది కాదు, మాది.

దస్తర్ఖాన్ ఎత్తేసి అదే జాగాలో బోర్డు పరిచాం. పెట్టెలోంచి చెక్క ముక్కలు, కార్డులు, బిళ్లలు వస్తూనే ఉన్నాయి. పిల్ల రూల్స్ చెప్పడం మొదలుపెట్టింది. పాపం బాగానే చెప్పింది. పదిహేను నిమిషాలయ్యాయి, ఇరవై అయ్యాయి. "ఇది ఇప్పుడే అక్కర్లేదు నానీ, తర్వాత చెప్తా" అని మూడుసార్లు అంది. ముప్పై అయిదో నిమిషానికి అమ్మీ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచి, "చాయ్ పెట్టుకొస్తా, మీరు కానివ్వండి" అంది. చాయ్ వచ్చింది. అమ్మీ రాలేదు. వెళ్లి చూస్తే వంటింట్లో స్టూలు మీద కూచుని తస్బీహ్ తిప్పుకుంటోంది.

ఆట నేనే గెలిచాను. ఎలా గెలిచానో నాకిప్పటికీ సరిగ్గా తెలియదు.

రాత్రి భాంజీ నన్ను పక్కకి పిలిచి అడిగింది: "ఏంటి మామూ, ఎవరికీ నచ్చలేదా? దీనికి ఎంత మంచి పేరుందో తెలుసా? లక్ దాదాపు లేదు, డెప్త్ చాలా ఉంది." ఆ మాట నన్ను పట్టుకుంది. మంచి ఆట అంటే కిస్మత్ తక్కువ, ముష్కిల్ ఎక్కువ అని మనకి ఎవరు చెప్పారు?

దుకాణంలో పెట్టె మీద మూడు అంకెలు అచ్చేసి ఉంటాయి. ఎంతమంది ఆడొచ్చు, ఎంతసేపు పడుతుంది, ఎన్నేళ్ల వయసుండాలి. అసలు తెలియాల్సిన మూడు సంగతులు వాటిలో ఉండవు. ఇందులో కిస్మత్ వాటా ఎంత? ముష్కిల్ ఎంత? ఇంకొకరికి నేర్పడం ఎంత ఆసాన్? ఆటల్లో ఆరితేరినవాళ్లు ఈ మూడింటినీ ఇదే వరసలో తూస్తారు. నా రాయ్ దీనికి పూరా ఉల్టా. మన ఇళ్లలో, నలుగురు కలిసినచోట, ముందు తూచాల్సింది నేర్పడాన్ని. ఆ తర్వాత ముష్కిల్‌ని. కిస్మత్ లెక్క ఆఖర్న. ఎందుకో చెప్తాను. ముందు కిస్మత్ సంగతే మాట్లాడుకుందాం, అందరూ అక్కడే మొదలుపెడతారు కాబట్టి.

నా బచ్‌పన్‌లో మా ఇంట్లో రెండు ఆటలుండేవి. వరండాలో అమ్మీ, ఖాలాలు అష్టాచెమ్మా ఆడేవాళ్లు. సుద్దముక్కతో గీసిన అయిదు గళ్ల చదరం, నాలుగు గవ్వలు. లోపల గదిలో అబ్బా షత్రంజ్. వరండాలో ఒకటే నవ్వులు, తగువులు. లోపల ఖామోషీ.

అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. మా ఇంటి కాయిదా ప్రకారం ఈ రెండిట్లో ఏదో ఒకటి పడితేనే కాయ లోపలికి వెళ్తుంది. గవ్వ అటూ ఇటూ సమానంగా పడుతుందనుకుంటే మొత్తం 16 రకాలుగా పడొచ్చు. వాటిలో చెమ్మా ఒక్కటి, అష్టా ఒక్కటి. అంటే సగటున ఎనిమిది సార్లు వేస్తే ఒక్కసారి తలుపు తెరుచుకుంటుంది. ఈ లెక్క ముందు ఖాలా ఎంత తెలివైనదైనా, నేను ఎంత చిన్నవాణ్నైనా ఒకటే. అందుకే ఆరేళ్లప్పుడే నేను ఖాలాని ఓడించాను. ఆ మజా ఇప్పటికీ యాదుంది.

లోపల గదిలో అలాంటిది జరగలేదు. పదేళ్ల నుంచి పదిహేనేళ్ల దాకా అబ్బా మీద ఒక్క బాజీ గెలవలేదు నేను. ఆయన కావాలని ఓడిపోయే రకం కాదు. అలా ఓడిపోవడం ధోకా అనేవారు. నాకు సబర్ నేర్పిన మాట నిజమే. కానీ ఒక మాట సాఫ్‌గా చెప్పాలి. పెద్దయ్యాక మా బేటీకి నేనూ షత్రంజ్ నేర్పాను. అబ్బాలాగే ఆడాను, ఒక్క బాజీ వదల్లేదు. తొమ్మిదేళ్లప్పుడు ఒకరోజు అది పావుల్ని డబ్బాలో సర్దేసి, "అబ్బూ, ఎవరు గెలుస్తారో ముందే తెలిసినప్పుడు ఎందుకాడాలి?" అంది. నా దగ్గర జవాబు లేదు.

తర్వాత చదివి తెలుసుకున్నాను. వెయ్యేళ్ల కింద బగ్దాద్‌లో షత్రంజ్ ఉస్తాద్‌లు తమకంటే తక్కువ స్థాయి ఆటగాడితో కూచున్నప్పుడు తమ బలం నుంచి ఒక పావు తీసేసి మొదలుపెట్టేవారు. అల్ అద్లీ, అస్ సూలీ లాంటి మహా ఉస్తాద్‌ల జమానాలోనే ఈ రివాజు ఉంది. అది రహమ్ కాదు, ఇన్సాఫ్. ఇద్దరికీ బాజీ నిజమైన బాజీ కావాలంటే తరాజు సరిచెయ్యాలి. నేను కూడా రుఖ్ తీసేసి ఆడదాం రమ్మన్నాను. రెండు బాజీలు ఆడింది, మళ్లీ రాలేదు. కొన్ని ఆటలు ఒకసారి చెయ్యి జారితే తిరిగి దొరకవు.

కాబట్టి కిస్మత్ లేకపోవడం దానంతటదే గొప్ప కాదు. సమఉజ్జీల మధ్య అది గొప్ప. దాదీ, మనవడు, కొత్త కోడలు, ఇంజినీరింగ్ చదివే కుర్రాడు ఒకే చాప మీద కూచున్నప్పుడు కొంచెం కిస్మత్ ఉంటేనే అందరికీ ఉమ్మీద్ ఉంటుంది. అలాగని అంతా కిస్మతే అయితే అది ఆటా కాదు. వైకుంఠపాళిలో నిచ్చెన ఎక్కినా, పాము మింగినా మన చేతిలో ఉన్నది ఏదీ లేదు.

10వ శతాబ్దపు చరిత్రకారుడు మసూదీ తన మురూజుజ్ జహబ్‌లో మన హింద్ రాజుల కథగా ఈ బహస్‌నే రాశాడు. నర్ద్, అంటే పాచికలతో ఆడే ఆట, ఈ దునియాలో దక్కేవి తెలివితో దక్కవని చూపించే తస్వీర్ అట. దానికి జవాబుగా వచ్చిన షత్రంజ్ అక్ల్‌కి తస్వీర్. వెయ్యేళ్ల తర్వాత మా భాంజీ, నేనూ కర్నూలులో కూచుని చేసింది అదే బహస్.

ఈ రెండిటి మధ్యా దారి ఉంది. కిస్మత్ ఎంత అని కాదు, ఎప్పుడు వస్తుంది అని అడగండి. కతాన్ అనే జర్మన్ ఆట 1995లో వచ్చింది. ఇప్పుడు మన నగరాల్లోనూ దొరుకుతుంది. అందులో ముందు మీరు ఇళ్లు కట్టుకుంటారు, ఆ తర్వాత రెండు పాచికలు వేస్తారు. రెండు పాచికలు 36 రకాలుగా పడతాయి. మొత్తం 6 వచ్చేవి 5, మొత్తం 8 వచ్చేవి 5, కానీ 2 వచ్చేది ఒక్కటే, 12 వచ్చేది ఒక్కటే. అక్ల్ ఉన్నవాడు 6, 8 పక్కన కట్టుకుంటాడు. అయినా ఆ సాయంత్రం 12 నాలుగుసార్లు పడొచ్చు. అంటే ఫైసలా ముందు, కిస్మత్ వెనక. ఓడినవాడు పాచికని తిట్టుకుంటాడు. కొన్ని ఆటల్లో ఇది తిరగబడి ఉంటుంది. ముందు కిస్మత్ వచ్చి అందరి కళ్లముందూ పరుచుకుంటుంది, దాంట్లోంచి ఎవరి ఫైసలా వాళ్లు చేసుకోవాలి. ఇంట్లో ఆడే ఆటకి నాకు ఈ రెండోదే పసంద్. ఏం దొరికింది అనేది మన చేతిలో లేదు, దొరికిన దాంతో ఏం చేశామన్నది మాత్రం మనదే.

పాచికల మాట వచ్చింది కాబట్టి, మీలో చాలామంది మనసులో ఉన్న సవాల్ దాటేసి పోలేను. బాసీ ఈద్ నాడే మా చిచ్చా పాచిక చూడగానే మొహం తిప్పుకున్నారు. ఆయనది జిద్దు కాదు. నర్దషీర్ ఆడొద్దని సహీహ్ ముస్లింలో గట్టి హదీస్ ఉంది. షత్రంజ్ మీద ఉలమాల మధ్య ఇఖ్తిలాఫ్ పాతదే. హనఫీలు దాన్ని కూడా మక్రూహ్ అన్నారు. జూదం లేకుండా, నమాజ్ పోకుండా ఆడితే షాఫయీలు కొంత సడలింపు ఇచ్చారు. వాళ్ల ఫుఖహాల్లో కొందరు పాచికల మీద నడిచే ఆట వేరు, ఆలోచన మీద నడిచే ఆట వేరు అని గీత గీశారు. నేను అఖ్బార్ మనిషిని, ముఫ్తీని కాను, ఫత్వా ఇవ్వను. మీ ఇమామ్ సాబ్‌ని అడగండి. నేను చెప్పేది ఒక్కటే. చాప మీద కూచున్నవాళ్లలో ఒక్క పెద్దాయనకి పాచిక మీద ఏతరాజ్ ఉన్నా, ఆ పూట పాచిక లేని ఆట తియ్యండి. పాచిక లేకుండా మంచి ఆటలు కావలసినన్ని ఉన్నాయి. బహస్‌లో గెలిచి చిచ్చాని పోగొట్టుకోవడం కంటే అది ఆసాన్.

ఇక ముష్కిల్. దీని దగ్గర జనం పెద్ద గల్తీ చేస్తారు. ముష్కిల్ రెండు రకాలు. ఒకటి యాద్ ఉంచుకోవాల్సిన ముష్కిల్, అంటే రూల్స్ బరువు. రెండోది ఆలోచించాల్సిన ముష్కిల్, అంటే ఆట లోతు. బోర్డ్‌గేమ్‌గీక్ అనే పేరున్న సైట్‌లో ప్రతి ఆటకీ 'బరువు' అని 5కి మార్కులుంటాయి. ఆ ఒక్క అంకెలో ఈ రెండూ కలిసిపోయి ఉంటాయి. రూల్స్ పుస్తకం లావుగా ఉంటే ఆట లోతుగా ఉంటుందని చూసేవాడు భ్రమపడతాడు.

నేను పదో క్లాసు దాకా ఉర్దూ మీడియం. డిగ్రీలో తెలుగు తీసుకున్నప్పుడు క్లాసులో నవ్వినవాళ్లున్నారు. మొదటి ఏడాది ఛందస్సు అంటే వణుకు. ఒకరోజు మా మాస్టారు బోర్డు మీద 'యమాతారాజభానసలగం' అని ఒక్క మాట రాసి, వరసగా మూడేసి అక్షరాలు పట్టుకుని చదవమన్నారు. యమాతా, యగణం. మాతారా, మగణం. పది నిమిషాల్లో ఎనిమిది గణాలూ వచ్చేశాయి. పద్యం రాయడం మాత్రం ఇప్పటికీ రాలేదు. రూల్ పది నిమిషాలు, లోతు జిందగీ మొత్తం. మంచి ఆట కూడా అలాగే ఉండాలి.

పులి-మేక చూడండి. 3 పులులు, 15 మేకలు. మేకల్ని ఒక్కొక్కటిగా పెట్టుకుంటూ రావాలి. పులి మేక మీంచి దూకితే మేక పోతుంది. పులులు కదలకుండా కట్టేస్తే మేకలు గెలిచినట్టు. రూల్స్ ఇంతే. కిస్మత్ రవ్వంత కూడా లేదు. గీయడానికి సుద్దముక్క, ఆడటానికి రెండు రకాల గింజలు చాలు, పైసా ఖర్చు లేదు. అయినా మేకలవైపు కూచుని గెలవాలంటే చెమట పడుతుంది. ఒంటరి మేక ఎప్పుడూ పోతుంది, జత కట్టిన మేక నిలబడుతుంది. ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు, రెండు బాజీల్లో పిల్లలే కనిపెడతారు.

షత్రంజ్ కూడా రూల్స్‌లో చిన్నదే. పంజాబ్‌కి చెందిన మీర్ సుల్తాన్ ఖాన్ మన పాత హిందుస్తానీ కాయిదాల్లో ఆట నేర్చుకున్నాడు. అందులో ప్యాదా మొదటి చాల్‌లో కూడా రెండు గళ్లు వెళ్లదు. ఆ మనిషి లండన్ వెళ్లి, కొత్త కాయిదాలకి అలవాటుపడి, 1929, 1932, 1933లలో బ్రిటిష్ చాంపియన్ అయ్యాడు. 2024లో ప్రపంచ చెస్ సంస్థ ఆయనకి గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది, ఆయన ఇంతఖాల్ అయిన ఎన్నో ఏళ్లకి. రూల్స్ మారినా ఆయన లోతు మారలేదు. 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయిన మన కోనేరు హంపిని చూసి, వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసిని చూసి మన మొహల్లాల్లో కూడా పిల్లల్ని చెస్ కోచింగ్‌కి పంపుతున్నారు. మాషా అల్లాహ్, పంపండి. కానీ అది హునర్ నేర్చుకునే జాగా. ఈద్ నాటి చాప వేరే జాగా. ఒకదాని తరాజుతో రెండోదాన్ని తూచొద్దు.

ఇప్పుడు నేర్పడం. దీన్ని జనం చిన్న విషయం అనుకుంటారు. మా అమ్మీ ఎందుకు లేచి వెళ్లిందో నేను చాలా రోజులు ఆలోచించాను. వయసు వల్ల అనుకున్నాను. కాదు. ఆమె రోజూ ఉర్దూ అఖ్బార్ చదువుతుంది, సరుకుల లెక్క నోటితో వేస్తుంది. ఆ రోజు ఆమె చేతికిచ్చిన కార్డుల మీద అన్నీ ఇంగ్లిష్ ముక్కలు. ప్రతి చాల్‌కీ మనవరాలిని "ఇదేం రాసుంది?" అని అడగాలి. అడిగితే తన పత్తా అందరికీ తెలిసిపోతుంది. అడగకపోతే ఆట లేదు. మన ఇళ్లలో ఒకే చాప మీద మూడు లిపులుంటాయి. అమ్మీకి ఉర్దూ, నాకు ఉర్దూ, తెలుగూ, పిల్లలకి ఇంగ్లిష్. పెట్టెలో ఏ లిపి ఉందో చూడకుండా కొంటే, ఎవరు లేచి వెళ్లాలో దుకాణంలోనే తయ్ చేసేసినట్టు.

అందుకని నేర్పడాన్ని తూచడానికి నేను మూడు పరీక్షలు పెట్టుకున్నాను. ఒకటి, చెప్పడం మొదలుపెట్టిన పది నిమిషాల్లో మొదటి చాల్ పడాలి. రెండు, అక్షరం రానివాళ్లు కూడా ఎవర్నీ అడక్కుండా తమ చాల్ తామే ఆడగలగాలి. మూడోది అన్నిటికంటే పెద్దది. నేర్చుకున్నవాళ్లు మర్నాడు మనం లేనప్పుడు ఇంకొకరికి నేర్పగలగాలి. అష్టాచెమ్మా, పులి-మేక వందల ఏళ్లు బతికింది పుస్తకాల వల్ల కాదు. ఒక అమ్మ ఇంకో అమ్మకి నేర్పడం వల్ల.

ఈ పరీక్షల్లో పాసైన కొత్త ఆట ఒకటి బక్రీద్‌కి తెచ్చాను. దాని పేరు అజూల్. 2017లో వచ్చింది, మర్నాడు ఏడాది జర్మనీలో ఆ ఏటి మేటి ఆట ఇనామ్ గెలిచింది. పోర్చుగల్ గోడల మీది రంగు పలకలు దీనికి ఆధారం. ఆ పలకల్ని వాళ్లు అజులేజో అంటారు. ఆ మాట అరబీ 'జులైజ్' నుంచి వెళ్లిందే. మన మస్జిద్ గోడల మీద చూసే పలకల తమ్ముడనుకోండి.

అయిదు రంగులు, రంగుకి 20 చొప్పున 100 పలకలు ఒక సంచిలో ఉంటాయి. తీసి చిన్న గుండ్రటి బిళ్లల మీద నాలుగేసి పెడతారు. కిస్మత్ అక్కడితో ఖతమ్. అన్నీ అందరికీ కనిపిస్తాయి. మీ వంతులో ఒక బిళ్ల మీంచి ఒకే రంగువి అన్నీ తీసుకుని మీ వరసలో పేర్చాలి. వరసలో పట్టినవి పోను మిగిలితే కింద పడ్డట్టు లెక్క, మార్కులు పోతాయి. అంటే అవసరానికి మించి చేతికి తీసుకుంటే నష్టం. ఇస్రాఫ్ గురించి ఇంత సాఫ్‌గా చెప్పే ఆట నేను చూడలేదు. పాచిక లేదు కాబట్టి చిచ్చా కూచున్నారు. అక్షరం లేదు కాబట్టి అమ్మీ కూచుంది. మొదటి చాల్ ఏడో నిమిషంలో పడింది.

అమ్మీ ఆ రోజు గెలవలేదు, మూడోది వచ్చింది. అసలు ఖుషీ రెండు వారాల తర్వాత. ఫోన్ చేస్తే "ఇప్పుడు కాదు బేటా, పక్కింటి రమణమ్మ కూతురికి రంగు పలకల ఆట నేర్పిస్తున్నా" అంది. తర్వాత తెలిసింది, మార్కుల లెక్కలో ఒక రూల్ గల్తీగా నేర్పింది. నేను సరిచెయ్యలేదు. ఇద్దరూ ఇప్పుడు ఆ గల్తీ రూల్‌తోనే ఆడుకుంటున్నారు, ఇన్సాఫ్‌గానే ఉంది.

మా భాంజీకి ఇదంతా చెప్తే ఒప్పుకోలేదు. "లోతైన ఆటలో మునిగితే వచ్చే మజా మీకు తెలీదు మామూ. అన్నీ నానీ కోసమే అయితే మా ఉమర్ వాళ్లం ఏం ఆడాలి?" అంది. దాని మాటలో సచ్ ఉంది. మూడు గంటలు తలబాదుకునే ఆట కూడా ఒక నేమత్. ఇషా తర్వాత కుర్రాళ్లు నలుగురూ కూచుని తెల్లారేదాకా, ఫజర్ పోకుండా, ఆడుకోండి. నేనొద్దనను. కానీ అందరూ కలిసేది ఏడాదికి రెండు మూడు రోజులే. ఆ రోజుల్లో బోర్డు మీద గెలిచినవాణ్ని మళ్లీ ఏడాదికి ఎవరూ యాద్ ఉంచుకోరు. వంటింట్లో స్టూలు మీద ఒంటరిగా కూచున్న మనిషి మాత్రం యాద్ ఉంటుంది. నాకుంది.

కాబట్టి ఈసారి ఆట కొనేముందు పెట్టె వెనక్కి తిప్పి నక్షత్రాలు లెక్కపెట్టకండి. మీ ఇంట్లో అందరికంటే ముందు లేచి వెళ్లేది ఎవరో తలుచుకోండి. ఆ మనిషికి మీరు పది నిమిషాల్లో ఇది నేర్పగలరా? ఆమె రేపు ఇంకొకరికి నేర్పగలదా? అవునంటే కొనండి. కాదంటే ఒక సుద్దముక్క, పద్దెనిమిది చింతగింజలు తీసుకోండి. మూడిటికి బొగ్గుతో గుర్తు పెట్టండి, అవి పులులు. మిగతా పదిహేను మేకలు. చాప మీద జాగా ఉంచండి, అమ్మీని ముందు కూచోబెట్టండి.

ఖుదా హాఫిజ్.